మంత్రి గారూ, ఆసామి సంతకం మీరే ఇప్పించండి

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

తోట్లవల్లూరు వైపు కృష్ణా నది లంక పొలంలో కౌలుకి చేసుకునే ఓ కుటుంబం నమస్కరించి రాసుకునేది. వరదలో పోయిన పంటకి పరిహారం మా పేరున రాయమని అర్జీలు ఇచ్చాం. గ్రీవెన్స్‌లో ఇచ్చాం, రైతు సేవా కేంద్రంలో ఇచ్చాం, మా ఊరు వచ్చిన ప్రతి పెద్దమనిషి చేతిలోనూ పెట్టాం. రశీదులు మా బీరువాలో భద్రంగా ఉన్నాయి. అర్జీలు ఎక్కడున్నాయో ఆఫీసుల వాళ్లకే తెలియాలి. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం, తప్పుగా అనుకోవద్దు.

2024 సెప్టెంబరు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలితే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? మా మీదికే. గెల వేసిన అరటి, కంద, పసుపు అన్నీ మునిగాయి. అరటితో ఓ చిక్కుంది. నీళ్లలో నిలబడ్డా రెండు రోజులు పచ్చగానే కనిపిస్తుంది. చూడ్డానికొచ్చిన వాళ్లు "చెట్టు బాగానే ఉందిగా" అంటారు. నీళ్లు తీశాక మొవ్వు పట్టుకుని లాగితే కుళ్లు కంపుతో చేతిలోకి వచ్చేస్తుంది. కంద తవ్వితే ముద్ద ముద్దగా వచ్చింది. పైన ఇసుక మేట.

అదే వారం అటు బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉంది. మా ఊళ్లో ఎవరూ జీవో కోసం ఆగలేదండీ. కరకట్ట ఇవతల పెరళ్లలో మిగిలిన ఆనపకాయలు, బెండకాయలు, దొండకాయలు కోసి ఆటోలకెత్తాం. డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లం రాత్రి పొయ్యిలు వెలిగించి పులిహోర కలిపాం. బియ్యం ఎవరింట్లోవి వాళ్లు తెచ్చారు, నూనె కిరాణా కొట్టతను ఖాతాలో రాసుకున్నాడు. ట్రాక్టరు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా పోతే అక్కణ్నుంచి పడవల వాళ్లు అందుకున్నారు. నీళ్లు తగ్గాక మెట్ట ఊళ్ల చుట్టాలు అరటి పిలకలు పంపారు, విత్తన కంద అప్పుగా ఇచ్చారు. పండాక దుంపకి దుంప తిరిగివ్వాలి, వడ్డీ లేదు. వాళ్లెవరూ మమ్మల్ని పొలం పాస్‌బుక్ అడగలేదు.

అడిగింది ఆఫీసు వాళ్లే. నష్టం రాసుకోవడానికి వచ్చారు, పంట చూశారు, ఫొటో తీశారు. కౌలు కార్డు, అంటే పంట సాగు చేసేది మేమేనని సర్కారిచ్చే కార్డు, ఉందా అన్నారు. కార్డు కావాలంటే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆసామి, అంటే పొలం యజమాని, సంతకం పెట్టాలి. ఆ కార్డు బతికేది 11 నెలలే, అంటే ఏటా ఆయన గుమ్మం ఎక్కాలి. ఆసామి చెడ్డవాడేం కాదు, మా పిల్ల పెళ్లికొచ్చి చదివింపులు కూడా చదివించాడు. సంతకం అనేసరికి మాత్రం "రేపు పొలం మాదే అంటారేమో" అంటాడు. కార్డు వల్ల యాజమాన్య హక్కు పోదని చట్టంలోనే ఉందని మా ఆయన చెప్పి చూశాడు. ఇంకాస్త గట్టిగా అడిగితే కౌలు వేరేవాళ్లకి ఇస్తానన్నాడు. అంతటితో మా నోరు మూతపడింది.

పరిహారం జాబితా సచివాలయం గోడకు అంటించారు. మా సర్వే నంబరు ఉంది, మా అరటి ఉంది, సెంట్లతో సహా సరిపోయింది. పేరు ఆసామిది. డబ్బులు పడిందీ ఆయన ఖాతాలోనే. వెళ్లి అడిగితే "అవి భూమికొచ్చిన డబ్బులమ్మా, పంటకి కాదు" అన్నాడు. మంత్రి గారూ, కుళ్లిపోయింది భూమా? అది ఎక్కడికీ పోలేదు కదా. కౌలు మేము ముందే కట్టేశాం, అందులో రూపాయి తగ్గలేదు. అరటి కోసం తెచ్చిన డ్వాక్రా అప్పు వాయిదా నెలనెలా కడుతూనే ఉన్నాం. ఆ అప్పుకి మా సంతకం సరిపోయింది లెండి.

యజమాని సంతకంతో పనిలేకుండా కొత్త చట్టం తెస్తామని మీ ప్రభుత్వమే చెప్పింది. విని సంతోషించాం. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చేనాటికి కూడా సంతోషిస్తూనే ఉన్నాం. అప్పుడూ మళ్లీ అదే పాట, కార్డుందా, సంతకముందా అని. పీఎం కిసాన్ భూమి ఉన్నవాళ్లకేనని మొదట్నుంచీ తెలుసు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోలేదు.

రైతు బజారు సంగతీ ఇదే. 1999లో పెట్టినప్పుడు దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలన్నారు. ఇప్పుడు మా దొండకాయలు మేము అమ్ముకోవడానికి గుర్తింపు కార్డు అడిగితే పొలం కాగితం తెమ్మంటున్నారు. లేనివాళ్లం గేటు బయట గోనె పరుచుకుని, లోపల బోర్డు మీది ధర చూసి దానికంటే రూపాయి తగ్గించి అమ్ముతున్నాం. 2020 లాక్‌డౌన్‌లో ఊరికి కూరగాయలు కావాల్సొచ్చినప్పుడు మాత్రం పాస్‌లిచ్చి మరీ పిలిచారు.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. పంట ఎవరిదో వాళ్ల పేరు రాయండి. పక్క చేను వాళ్లని అడగండి, విత్తనం అప్పిచ్చిన వాళ్లని అడగండి, ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆసామికి భయముంటే పొలం ఎక్కడికీ పోదని మీరే ఓ కాగితం రాసివ్వండి. 2024 డబ్బుల సంగతీ తేల్చండి. మా పేరు రాయండి, అంతే.

వేసవిలో మళ్లీ కౌలు మాట్లాడుకోవాలి, కంద నాటాలి. ఆలోపు చట్టం రాకపోతే ఒక్క సాయం చేయండి. ఆసామి గారి ఫోన్ నంబరు పంపుతాం, సంతకం మీరే అడగండి. మంత్రి గారు అడిగితే పెడతాడేమో.

ఇట్లు,
కరకట్ట కౌలు రైతు కుటుంబం