పర్మిటు నడిపేవాడి పేరు మీదే ఉండాలి

గౌరవనీయులైన రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నేను నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతం వాడిని. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఆటో నడుపుతున్నాను. బండి నాది కాదు. సీటు కింద ప్లాస్టిక్ కవరులో ఉన్న పర్మిటు మీద ఎవరి పేరుందో, ఆ మనిషిని ఇంతవరకు చూడలేదు. రోజూ రాత్రి బండి అప్పగించి, అతని తరఫు మనిషి చేతిలో కిరాయి పెడతాను. గిరాకీ లేకపోయినా, జ్వరంతో ఒక్క పూటే నడిపినా ఆ లెక్క మారదు.

ఈ నెలలో మా మేనల్లుడికి లైసెన్సు వచ్చింది. "మామా, నాకూ ఒక బండి చూడు" అని ఫోను చేశాడు. వాడికి ఏం చెప్పాలో తోచక మీకు రాస్తున్నాను.

ఊళ్లోనే నడుపుకోవచ్చు కదా అంటారేమో. మోటారు వాహనాల చట్టం, 1988లోని 74వ సెక్షన్ ప్రకారం ఆటోల్లాంటి కిరాయి బండ్ల సంఖ్యకు హద్దు పెట్టే వీలున్నది 5 లక్షలకు తగ్గని జనాభా ఉన్న నగరాల్లోనే. దేవరకొండకు ఆ అడ్డు లేదు. కానీ 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. మా అమ్మ ఆ బస్సులోనే ఆస్పత్రికి వెళ్తుంది, ఆ పథకం ఉండి తీరాలి. అయితే అడ్డా మీద ఆటోలు మధ్యాహ్నం దాకా కదలడం లేదు. అందుకే కుర్రాళ్లు నగరం దారి పడుతున్నారు.

నగరంలో పర్మిటే ఆస్తి. ఆ హద్దు వల్ల కొత్తవి దొరకనన్నాళ్లూ పాత బండి కూడా పర్మిటు ధర కలుపుకొని అమ్ముడైంది. కొనగలిగింది డబ్బున్నవాళ్లే. హద్దు పెట్టిన చోట దరఖాస్తుదారు ఆర్థిక స్థోమతను, ఇదివరకు ఈ వృత్తిలో అతని నడతను చూడమని అదే సెక్షన్ చెబుతుంది. ఇరవై ఏళ్లు నిండి ఇప్పుడే స్టీరింగ్ పట్టిన పల్లె పిల్లవాడికి ఈ రెండూ ఎక్కడి నుంచి వస్తాయి?

రద్దీ, పొగ పెరగకుండా హద్దు ఉండాలంటే కాదనను. ఆ పొగలో పగలంతా ఉండేది మేమే. 2025లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల విద్యుత్, సీఎన్‌జీ, ఎల్పీజీ ఆటోలకు ప్రభుత్వం కొత్తగా అనుమతి ఇచ్చినప్పుడు ఎంతో సంతోషించాను. అవి కూడా చేతులు మారి, నాలాంటి డ్రైవర్లకు రోజు కిరాయికిచ్చే బండ్లయితే మా బతుకు ఎక్కడిదక్కడే.

అయ్యా, నేను అడిగేది ఒక్కటే. పర్మిటును బండి నడిపే మనిషికి ఇవ్వండి. అతను నడపడం మానేస్తే అది మీ శాఖకే తిరిగి రావాలి, వరుసలో తర్వాతి డ్రైవరుకు వెళ్లాలి. ఆ వరుస అందరికీ కనిపించేలా కార్యాలయం గోడ మీద అంటించండి. మా మేనల్లుడి పేరు వెయ్యో స్థానంలో ఉన్నా ఎదురుచూడమని చెబుతాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఆటో డ్రైవరు