ఇల్లుబండి ఇక 65 దాటదు

మన ఇల్లుబండిలో, అంటే వెనక మంచాలు, వంటగట్టు ఉన్న ట్రైలర్ తగిలించుకున్న ఎస్‌యూవీలో, తిరిగే వాళ్ళందరికీ నమస్కారం. కార్తీకమాసం ట్రిప్పులు వరసగా రద్దు చేసేసరికి "బండి అమ్మేశావా?" అని కొందరు, "యాక్సిడెంట్ అయ్యిందట కదా?" అని కొందరు ఫోన్లు చేస్తున్నారు. రెండూ కాదు. సరైన టైర్లు దొరక్క బండి షెడ్డులో ఉండిపోయింది. ఇప్పుడు దొరికాయి, బిగించాం, వచ్చే సోమవారం నుంచి మళ్ళీ తిరుగుతుంది. కాకపోతే ఒక మార్పు ఉంది. ట్రైలర్ తగిలించి ఉన్నప్పుడు హైవే మీద 65 కిలోమీటర్ల వేగం దాటం. ఇదివరకు ఖాళీ రోడ్డు దొరికితే 80 దాకా వెళ్ళేవాళ్ళమని మీకు తెలుసు.

ఈ రెండు సంగతుల్నీ కలిపేసి "చవక టైర్లు వేశాడు, అందుకే స్పీడు తగ్గించాడు" అని ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట నా చెవిన పడ్డాక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. టైర్ల కథ వేరు, స్పీడు కథ వేరు.

ముందు టైర్లు. మన ట్రైలర్ గురించి తెలియని వాళ్ళకి ఒక్క ముక్క: ముందు డీజిల్ ఎస్‌యూవీ, దాని వెనక హుక్కుకి తగిలించే కారవాన్. దానికి ఒకటే యాక్సిలు, రెండే చక్రాలు. మంచాలు, వంటగట్టు, బాత్రూము, నీళ్ళ ట్యాంకు, మీ సామాను అన్నీ వేసి కాటా మీద పెడితే 1,450 కిలోలు వచ్చింది. అందులో 150 కిలోలు ముక్కు మీద, అంటే ఎస్‌యూవీ హుక్కు మీద పడుతుంది. మిగతా 1,300 కిలోలు రెండు చక్రాలూ పంచుకోవాలి, ఒక్కోదాని మీద 650.

పాత టైర్లు అరగలేదు గాని పక్కల సన్నగా బీటలు కనిపించాయి. దసరా వెళ్ళగానే కొత్తవి ఆర్డరు పెట్టాను. లారీ తోలే రోజుల నుంచి నాకు తెలిసిన డీలరు. పేరెందుకు లెండి, ఆయన ఇంట్లో పెళ్ళికి కూడా వెళ్ళొచ్చాను. 185 వెడల్పు, 14 రిమ్ము, చిన్న గూడ్సు బండ్లకి వేసే గట్టి రకం, లోడు నంబరు 102 ఉండాలి, ఈ ఏడాది తయారీ అవ్వాలి అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. అడ్వాన్సు కూడా కట్టాను. వారం అన్నాడు, పది రోజులన్నాడు, కార్తీక సోమవారాలు గడిచిపోతుంటే రేపన్నాడు. చివరికి పార్సిలు వచ్చింది. విప్పి చూస్తే 185 వెడల్పే, 14 రిమ్మే, కాని మామూలు కారు టైర్లు. లోడు నంబరు 88.

ఆ నంబరు సంగతి చాలామంది పట్టించుకోరు కాబట్టి చెప్తున్నాను, మీ సొంత బండ్లకి కూడా పనికొస్తుంది. టైరు పక్కన సైజు తరవాత ఒక అంకె, దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. అంకె ఎంత బరువు మోయగలదో చెప్తుంది, అక్షరం ఎంత వేగం తట్టుకోగలదో చెప్తుంది. 88 అంటే ఒక్కో టైరుకి 560 కిలోలు. 102 అంటే 850. నాకు కావలసింది 650 మోసే టైరు, అది కూడా ఎండలో, గంటల తరబడి, గతుకుల మీద. అంచనా వేసుకోండి. పైగా పక్కనున్న తయారీ తేదీ నాలుగంకెల్లో 1420 అని ఉంది, అంటే 2020లో పద్నాలుగో వారం. ఈ ఏడాది సరుకు అడిగితే గోడౌన్‌లో ఏళ్ళ తరబడి పడున్నవి దులిపి పంపాడన్నమాట.

ఫోన్ చేశాను. "ఏటి బావా, రెండు టైర్లకి ఇంత గోలేటి? ఆ సైజే కదా, ఎక్కేస్తాది. దీని మీద 'టి' అని ఉంది సూడు, 190 స్పీడు కూడా తట్టుకుంటాది. నువ్వు అడిగిన రకానికి 'క్యూ'యే, 160 మించి లేదు. నీకు మంచిదే పంపినాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 190లో వెళ్ళడానికి నేనేమైనా రేసులకి వెళ్తున్నానా? ఆ 190 కూడా ఆ టైరు మొయ్యాల్సిన బరువు మోస్తున్నప్పటి మాట. 650 కిలోలు పెట్టి 190 లెక్క చెప్తే ఎలా? "పోనీ కాస్త స్లోగా తోలుకో, ఏటవదు" అన్నాడు చివర్లో. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మాటే. బరువు చాలని టైరు నిదానంగా వెళ్ళినంత మాత్రాన బరువు చాలిన టైరు అయిపోదు. లోపల వేడెక్కుతుంది, పక్కలు మడతపడుతూ ఉంటాయి, ఏదో ఒక మధ్యాహ్నం రణస్థలం దగ్గరో టెక్కలి దాటాకో పేలుతుంది. అప్పుడు వెనక ఉన్నది స్కూటర్ మీద ఎవరో.

టైర్లు వెనక్కి పంపాను. అడ్వాన్సు ఇంకా రాలేదు. వస్తుందో రాదో ఆయనకే తెలియాలి. విశాఖలో వేరే చోట అడిగిన రకమే దొరికింది, కొంచెం రేటెక్కువ. 102 లోడు, 'క్యూ' అక్షరం, తేదీ ఈ ఏడాదిదే. నమ్మకం లేనివాళ్ళు షెడ్డుకి వచ్చి వంగి చదువుకోవచ్చు, స్టెప్నీ కూడా అదే రకం. రెండూ కలిపి 1,700 కిలోలు మోస్తాయి, మనం పెట్టేది 1,300. వేగం 160 దాకా తట్టుకుంటాయి. కాబట్టి టైర్ల కోసమే అయితే నేను 65 పెట్టుకోనక్కర్లేదు.

మరి ఎందుకు పెట్టినట్టు?

ట్రైలర్ తోక ఊగడం మీలో కొందరు చూశారు. మడపాం దగ్గర వంశధార బ్రిడ్జి మీద మనం 80లో ఉండగా ఒక పెద్ద బస్సు పక్కనుంచి దాటింది. బస్సు ముక్కు దగ్గరకి రాగానే గాలి ట్రైలర్‌ని బయటికి తోస్తుంది, బస్సు దాటిపోతూ లోపలికి లాగుతుంది, బ్రిడ్జి మీద అడ్డగాలి దానికి తోడు. రెండు మూడు ఊపులు ఊగింది. కాలు తీశాను, స్టీరింగు నిటారుగా పట్టుకున్నాను, బ్రేకు తొక్కలేదు. కుదురుకుంది. వెనక సీట్లో పిల్లలకి తెలియను కూడా లేదు. కాని నాకు తెలిసింది.

ఊపు మొదలైతే చేతులు చేసే మొదటి పని స్టీరింగు అటూ ఇటూ తిప్పడం, కాళ్ళు చేసే మొదటి పని బ్రేకు తొక్కడం. రెండూ దాన్ని పెంచేవే. ముందు బండి ఒక్కసారిగా ఆగబోతే వెనకది తోసుకొస్తుంది, ఊపు ఇంకా పెద్దదవుతుంది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగు కదలకుండా పట్టుకుని, ట్రైలర్‌కి విడిగా ఉన్న బ్రేకుల మీట మాత్రం మెల్లగా నొక్కాలి. ఆ బ్రేకు ట్రైలర్‌ని వెనక్కి లాగితే తోక సరళరేఖలోకి వస్తుంది. అయితే ఇదంతా ఒక వేగం లోపలే. తక్కువ వేగంలో ఊపు దానంతటదే చచ్చిపోతుంది. వేగం పెరిగే కొద్దీ చావడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక గీత దాటాక చావదు, ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. ఆ గీత ఎక్కడుందో బండి మీద రాసి ఉండదు. ట్రైలర్‌కి ట్రైలర్‌కి మారుతుంది, సామాను సర్దిన తీరుని బట్టి ఒకే ట్రైలర్‌కి కూడా మారుతుంది.

బండి షెడ్డులో ఉన్న రోజుల్లో ఊరుకోలేక దీన్ని కాటా దగ్గర తేల్చుకున్నాను. అదే సామాను, అదే బరువు. వనభోజనాల గుండిగలు, బియ్యం బస్తా, నీళ్ళ క్యాన్లు యాక్సిలు మీద పెడితే ముక్కు బరువు 150. అవే వెనక తలుపు దగ్గర పెడితే 60. మొత్తం బరువులో పదో వంతు ముక్కు మీద ఉంటే తోక బుద్ధిగా ఉంటుంది, 60కి పడిపోతే చిన్న గాలికి కూడా ఊగుతుంది. మరి గుండిగలు మీరు ఎక్కడ పెడతారు? దింపడానికి సులువని వెనక తలుపు దగ్గరే. నేను ముందుకి సర్దమంటే "ఇంత చాదస్తమా" అంటారు. ప్రతి ఫ్యామిలీకీ కాపలా కాయలేను, కాబట్టి ఎవరు ఎలా సర్దినా ఆ గీతకి చాలా ఇవతల ఉండే వేగం కావాలి.

ఎంత? ఇక్కడే బుర్ర తినేసుకున్నాను. 50 అనుకున్నాను ముందు. కాని 50లో వెళ్తే ప్రతి లారీ మనల్ని దాటుతుంది, దాటిన ప్రతిసారీ ఆ గాలి తోపు మనకి తప్పదు. 80లో వెళ్తే మనమే లారీల్ని దాటాలి, అంటే కుడి లైనులోకి ఈ పొడుగు బండిని తెచ్చి మళ్ళీ ఎడమకి వెళ్ళాలి, వెనక బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. మన దారిలో లోడు లారీలు ఎక్కువగా 60, 65లో పోతుంటాయి. వాటి వెనక దూరం ఉంచుకుని ఎడమ లైనులో 65లో పోతే దాటేదీ తక్కువ, దాటించుకునేదీ తక్కువ. బస్సులు దాటతాయి, దాటనివ్వండి. ఇంకో లెక్క కూడా ఉంది. ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 65లో ఉన్నదానికి 80లో ఒకటిన్నర రెట్లు. 80లో సెకనుకి 22 మీటర్లు పోతాం. నరసన్నపేట దగ్గర రాంగ్ రూట్‌లో ఆటో ఎదురొస్తే, పూసపాటిరేగ దగ్గర డివైడర్ సందులోంచి గేదె దిగితే, ఒక్క సెకను ఆలోచించే లోపు 22 మీటర్లు అయిపోతాయి.

అబ్బాయి అమెరికాలో ఉన్న మాస్టారు ఒకాయన "అక్కడ ఇంతకన్నా పెద్దవి లాక్కుని రయ్యిమని పోతారు, నువ్వేంటయ్యా" అన్నారు. మాస్టారూ, కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి పరిమితి గంటకి 55 మైళ్ళు, మన లెక్కలో 88 కిలోమీటర్లు. జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లే, ప్రత్యేక అనుమతి ఉంటేనే వాళ్ళ ఆటోబాన్ (ఎక్స్‌ప్రెస్ హైవే) మీద 100. ఆటోబాన్ మీద నడిచేవాళ్ళు ఉండరు, సైకిళ్ళు ఉండవు, ఎదురుగా ఆటో రాదు. అక్కడే 80 అన్నారంటే మడపాం టోల్‌గేటు దగ్గర నేను 65 అనడం చాదస్తం ఎలా అయ్యింది? నాలుగు వరసల రోడ్డు మీద కారుకి 100 దాకా అని 2018లో కేంద్రం చెప్పిన మాట నిజమే. అది కారు సంగతి, వెనక ఇల్లు తగిలించుకున్న కారు సంగతి నేను చూసుకోవాలి.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మన పాత కస్టమర్ ఒకాయన "ఎడ్లబండిలాగ తోలితే పూరీకి ఎప్పుడెల్తాం బాబూ" అన్నారు. ఆయన మాటకి నవ్వాను. కాని ఇంకో ట్రావెల్స్ ఆయన "ఆడికి భయం పట్టుకుంది, తోలడం మరిచిపోయాడు" అన్నాడట. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా లోడు లారీ తోలినవాణ్ణి, రాత్రిళ్ళు, వానల్లో, 2014లో హుద్‌హుద్ తరవాత చెట్లు పడున్న రోడ్ల మీద కూడా. తోలడం ఆయన దగ్గర నేర్చుకోనక్కర్లేదు. ఆయనకి కావాలంటే ఒక రోజు ఖాళీ ట్రైలర్ ఇస్తాను, మడపాం బ్రిడ్జి మీద 80లో చూపించమనండి. పక్క సీట్లో మాత్రం నేను కూర్చోను.

"డీజిల్ మిగుల్చుకోవడానికి" అని కూడా అంటున్నారు. మిగులుతుంది, దాచడం ఎందుకు, గాలికి ఎదురెళ్ళడానికి ఖర్చయ్యే నూనె వేగంతో బాగా పెరుగుతుంది. కాని ట్రిప్పుకి గంట పెరిగితే రెండో డ్రైవర్ బత్తా పెరుగుతుంది, అదీ ఇదీ సరిపోతాయి. రేట్లు పెంచడం లేదు, తగ్గించడం లేదు.

ఇక మీకు తేడా ఏంటంటే, శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, రోడ్డంతా ఖాళీగా ఉందనుకున్నా 80కీ 65కీ తేడా ఇరవై నిమిషాలు. పూరీకి మూడొందల పైచిలుకు కాబట్టి ఒక గంట అనుకోండి. అందుకే పూరీ బండి ఇకమీదట తెల్లవారుజామున నాలుగింటికి కాదు, మూడింటికి బయల్దేరుతుంది. వాన పడుతున్నా, నాగావళి, వంశధార బ్రిడ్జిల మీద గాలి గట్టిగా ఉన్నా 50. అనంతగిరి ఘాట్‌లో మార్పేమీ లేదు, అక్కడ ఎప్పుడూ చిన్న గేర్లోనే దిగుతాం, 30 దాటిందే లేదు. బండి కదులుతుండగా ట్రైలర్‌లో ఎవరూ ఉండకూడదన్నది పాత రూలే, నిద్రొస్తోందన్నా సరే. సామాను ఇకనుంచి మా కుర్రాడే సర్దుతాడు, గుండిగలు అతనికి ఇచ్చెయ్యండి.

రద్దయిన ట్రిప్పుల అడ్వాన్సులు చాలావరకు వాపసు ఇచ్చాను. డబ్బు ఇంకా అందనివాళ్ళు మెసేజ్ పెట్టండి, అదే రోజు వేస్తాను. కొత్త తేదీ కావాలంటే సంక్రాంతి లోపు శనివారాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి, రథసప్తమికి అరసవల్లి దగ్గర పార్కింగ్ మాత్రం ముందే చెప్తే తప్ప కుదరదు.