ఈ పిల్లలకు మొదటి టోకెన్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా మనవడికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉందని వాడి మూడో ఏట తేలింది. ఆటిజం అంటే ఏమిటో వివరించే పని ఏటా ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు, పత్రికలు చేస్తూనే ఉన్నాయి కాబట్టి దాని జోలికి పోను. అటువంటి బిడ్డకు అందరు పిల్లల్లాగే జ్వరమో చెవిపోటో వచ్చి, డాక్టరు పేరు వింటేనే ప్రాణాలు బిగబట్టే స్థితిలో ఉంటే వైద్యం చేయించడం ఎలాగన్న సంగతి మాత్రం ఎక్కడా చర్చకు రావడం నేను చూడలేదు. అందుకే ఈ లేఖ.

గత ఆగస్టులో వాడికి మూడు రోజులు జ్వరం విడవలేదు. మాటలు కొద్దిగానే వచ్చిన బిడ్డ కనుక నొప్పి ఎక్కడో చెప్పలేడు. అన్నం ముట్టడం మానేశాడు. కుడి అరచేత్తో కుడి చెవి మీద టపటపా కొట్టుకోసాగాడు. సాయంత్రం ఒక పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్లాము. మా టోకెన్ 46, అప్పటికి లోపలికి వెళ్లినది 19. కూర్చోవడానికి చోటు లేని హాలు, ఒక మూల పెద్ద శబ్దంతో టీవీ, చుట్టూ ఏడుస్తున్న పసిపిల్లలు, స్పిరిటు వాసన, నెత్తిన కొట్టుకుంటున్న ట్యూబులైటు, రెండు నిమిషాలకోసారి మైకులో టోకెన్ నంబరు. మనకైతే ఇదంతా కాస్త చిరాకు, అంతే. కన్ను, చెవి, ముక్కు మనకంటే ఎన్నో రెట్లు పదునుగా పనిచేసే బిడ్డకు ఒక్కొక్కటీ ఒక్కొక్క దెబ్బ. అయినా గంటన్నర ఓర్చుకున్నాడు. మా నంబరు పిలిచేసరికి నేల మీద దొర్లుతున్నాడు.

లోపల నలుగురం వాణ్ణి బల్ల మీద అదిమి పట్టుకున్నాము. కాళ్లు నేను, భుజాలు మా అబ్బాయి, చేతులు ఆయమ్మ, తల నర్సు. టార్చి వేసి గొంతు చూశారు. వాడు వాంతి చేసుకున్నాడు, ఆయమ్మ మణికట్టు కొరికాడు. చెవి సంగతి మా కోడలు రెండుసార్లు చెప్పింది. ‘ఇలాంటి పిల్లలు కొట్టుకుంటూనే ఉంటారమ్మా, అది ఆటిజం లక్షణం’ అని డాక్టరుగారు యాంటీబయాటిక్, జ్వరం సిరప్పు రాసి పంపారు. ఆ సిరప్పును వాడు ఇంటికొచ్చాక ఒక్క చుక్క కూడా మింగలేదు. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున చూస్తే దిండు గలేబు మీద చీము, సన్నని నెత్తుటి చారలు. కర్ణభేరికి చిల్లు పడిందని తర్వాత మరో వైద్యుడు చెప్పారు.

ఆ డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. నా వెనుక ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఆయన ఆ బిడ్డకు ఇవ్వగలిగింది మూడు నిమిషాలు. కరిపించుకున్న ఆయమ్మకు క్షమాపణ చెప్పుకుని వచ్చాను. అయితే ‘అది ఆటిజం లక్షణం’ అన్న ఒక్క మాట వెనుక అసలు జబ్బు దాక్కుంటుందన్న సంగతి వైద్యులందరికీ గుర్తుండాలి. మాటలు రాని బిడ్డ ఉన్నట్టుండి తల బాదుకున్నా, తిండి మానేసినా, రాత్రుళ్లు నిద్ర పోకపోయినా ముందు నొప్పి కోసం వెతకాలి: చెవి, పన్ను, గొంతు, మలబద్ధకం. మునుపటి ప్రవర్తనకూ ఇప్పటి ప్రవర్తనకూ తేడా ఏమిటో చెప్పగలిగేది కన్నతల్లి ఒక్కతే. ఆమె రెండోసారి చెప్పిన మాటనైనా వినాలి.

ఇంటివాళ్ల మాట వినకపోవడం ఎంత దూరం పోగలదో ఇంగ్లండ్ చూసింది. ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ల యువకుడికి ఆటిజంతో పాటు మూర్ఛ ఉండేది. మానసిక రోగాలకు వాడే ఒక తరహా మందులు తనకు పడవని అతడూ, తల్లిదండ్రులూ ముందుగానే చెప్పినా ఆసుపత్రిలో అదే తరహా మందు ఇచ్చారు. 2016 నవంబరులో అతడు మరణించాడు. తల్లి పట్టువదలకుండా పోరాడగా, వైద్య సిబ్బందికి ఆటిజం గురించిన శిక్షణను అక్కడ 2022లో చట్టబద్ధం చేశారు. ఆ శిక్షణకు ఆ అబ్బాయి పేరే పెట్టారు.

మా ఇంటి సంగతికి వస్తే, చెవి మానింది కానీ భయం మానలేదు. ఆ రోజు నుంచి వాడికి ఏ కారణంగా బెదురు పుట్టినా ‘టోకెన్ నంబర్ నలభై ఆరు’ అని అచ్చం ఆ మైకు గొంతుతోనే అంటాడు. కరెంటు పోయినా అదే మాట, వీధిలో అంబులెన్సు కూత విన్నా అదే మాట. తెల్ల చొక్కా వేసుకున్న పాలవాణ్ణి చూసి ఒకనాడు మంచం కిందికి దూరాడు.

ఇందులో మా పాపమూ ఉంది. అన్నం తినకపోతే ‘సూది డాక్టరు దగ్గరికి తీసుకుపోతా’ అని బెదిరించని తెలుగిల్లు ఉంటుందా? నేనూ వాడిని ఆ మాట అన్నాను, ఒకసారి కాదు. మిగతా పిల్లలు అది ఉత్తుత్తి బెదిరింపని ఇట్టే పసిగడతారు. మా వాడు మాటను ఉన్నదున్నట్టు పుచ్చుకునే మనిషి. తాత అన్నాడు కనుక ఆసుపత్రి అంటే శిక్ష అని వాడు నమ్మాడు. నలుగురం కలిసి ఆ శిక్షను నిజం చేసి చూపించాము. ఆ తర్వాత దడుపు జ్వరమనీ, తాయెత్తు కట్టించమనీ సలహా చెప్పినవాళ్లకు కొదవ లేదు.

ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీ గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆయన ఇంటికి వస్తాడు, అరుగు మీద కూర్చుంటాడు, మంచినీళ్లు తాగుతాడు, బిడ్డను పేరు పెట్టి పిలుస్తాడు. మా వాడు భయపడని ఏకైక ‘డాక్టరు’ ఆయనే. ఆయనకు తెలిసిన వైద్యం అంతంత మాత్రమే; ప్రతిదానికీ ఇంజెక్షను సంచిలోనే ఉంటుంది. పెద్ద చదువులు చదివిన వైద్యులు ఆయన మందులను కాక, ఆ అరుగు మీద కూర్చునే పద్ధతిని కొంత నేర్చుకుంటే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

అలా నేర్చుకోనక్కరలేకుండానే తెలిసిన వైద్యుడొకరు మాకు దొరికారు. చెవికి చీము పట్టిన ఆ వారంలో, పొరుగు పట్టణంలోని ఆ చెవి ముక్కు గొంతు నిపుణుడికి మా కోడలు ముందే ఫోను చేసి విషయమంతా చెప్పింది. ఆయన మధ్యాహ్నం రెండింటికి, ఓపీ మొదలుకాక ముందు రమ్మన్నారు. కారులోనే ఉండమని, తానే బయటికి వచ్చారు. తెల్ల కోటు లేదు. వాడి వైపు చూడకుండా నా పక్కన కూర్చుని, చెవిలోకి చూసే లైటుతో ముందు నా చెవి చూశారు, తర్వాత మా అబ్బాయి చెవి. ఆ లైటును వాడి చేతికిచ్చి పది నిమిషాలు ఆడుకోనిచ్చారు. వాడు దాన్ని నాలుగుసార్లు వెలిగించి, ఆర్పి, ‘టోకెన్ నంబర్ నలభై ఆరు’ అన్నాడు. ‘కాదు నాన్నా, నీ నంబరు ఒకటి’ అన్నారు ఆయన. మొదట బాగున్న ఎడమ చెవి చూశారు, నొప్పి చెవిని చివరికి ఉంచుకున్నారు. వాడు ఏడ్చాడు, కానీ ఎవరూ వాణ్ణి పట్టుకోలేదు. మొత్తం పాతిక నిమిషాలు పట్టింది. నలుగురం కలిసి అదిమినప్పుడు ఎవరూ చూడని చెవిలో చిల్లు అప్పుడు కనబడింది.

ఆయన దగ్గరా, ఆ తర్వాత మరికొందరి దగ్గరా నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. మాలాంటి ఇళ్లవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను. దగ్గు, ఆయాసం ఉన్నప్పుడు బిడ్డ నిద్రలో ఉండగా చొక్కా ఎత్తి, పొట్టా ఛాతీ కనబడేలా పూర్తిగా ఒక నిమిషం వీడియో తీసి చూపిస్తే డాక్టరు శ్వాసల లెక్క అందులోనే చూసుకోగలరు. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి లెక్కపెట్టినా ఉపయోగం ఉండదు. సిరప్పును చెంచాతో కాక, సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వదలాలి. అదీ కుదరకపోతే జ్వరానికి మలద్వారం ద్వారా పెట్టే పారాసెటమాల్ బిళ్లలు ఉన్నాయి. రక్తపరీక్షకు గంట ముందు చర్మాన్ని మొద్దుబార్చే లిడోకెయిన్, ప్రిలోకెయిన్ క్రీమును డాక్టరును అడిగి చేతి మీద మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ పొర అంటిస్తే సూది పోటు చాలావరకు తెలియదు. ఇది ఏ కొత్త కనుగోలూ కాదు. మందుల షాపులో దొరుకుతుంది. అయినా వాడికి తొమ్మిదేళ్లు వచ్చేదాకా మాకు దాని పేరు చెప్పినవాళ్లు లేరు. పన్ను తీయడం వంటి పెద్ద పనికి మత్తు ఇవ్వవలసి వస్తే, ఆ మత్తులోనే రక్తపరీక్ష వంటి మిగతా పనులూ కలిపి చేయించవచ్చునేమో ముందుగా అడగడం మేలు.

ఫిట్సు వచ్చినప్పుడు, ఊపిరి అందనప్పుడు, బిడ్డ మగతగా పడిపోయినప్పుడు ఇవేవీ చూసుకునే వ్యవధి ఉండదు. అప్పుడు, అదిమిపట్టకూడని ఫిట్సులో తప్ప, పట్టుకునైనా వైద్యం చేయవలసిందే. నా ఫిర్యాదు అటువంటి వేళల గురించి కాదు. ఆలోచించుకోవడానికి గంట సమయం ఉన్నప్పుడు కూడా అదిమిపట్టడమే మొదటి మార్గం కావడం గురించి.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టంలోని 25వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండింటిలోనూ అడ్డంకులు లేని ప్రవేశం ఉండేలా, వైద్యం అందించడంలో దివ్యాంగులకు ప్రాధాన్యం లభించేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతోంది. అడ్డంకులు లేని ప్రవేశం అనగానే అధికారులకు తోచేది మెట్ల పక్కన సిమెంటు ర్యాంపు. చక్రాల కుర్చీకి ర్యాంపు ఎంతో, మా వాడికి మైకు వినబడని చోటు అంత. డబ్బు సాయానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏ ముందస్తు వైద్యపరీక్షా లేకుండా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. సదరం శిబిరంలో నిలబడి తెచ్చుకున్న వైకల్య ధ్రువపత్రమూ మా బీరువాలో ఉంది. ఓపీ కౌంటరు దగ్గర దాన్ని చూపిస్తే ‘లైనులో రండి’ అన్నారు.

జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇంతే. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ వ్యవహారం మీ చేతిలో ఉంది, ప్రభుత్వ ఆసుపత్రులు సరేసరి. ప్రతి ఓపీ కౌంటరు దగ్గర ‘ఆటిజం, మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు మొదటి టోకెన్’ అని తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. బోర్డు ఉంటే ‘మేము పొద్దున్నుంచీ కూర్చున్నాము’ అనే తోటి తల్లులకు మేము సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకున్న వాళ్ల బాధా న్యాయమైనదే. వరుస వచ్చేదాకా బయట ఆటోలోనో చెట్టు కిందో ఉండనిచ్చి, మైకులో కాక ఫోనులో పిలిపించండి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలను చూసే డీఈఐసీ కేంద్రాల సిబ్బందికి ఈ పిల్లల తీరు బాగా తెలుసు. నెలకు ఒక పూట వారి చేత చుట్టుపక్కల ఆసుపత్రుల నర్సులకు, ఆయమ్మలకు, కాంపౌండర్లకు చెప్పించండి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

వచ్చే నెలలో మా వాడిని పంటి డాక్టరుకు చూపించవలసి ఉంది. ముందే ఫోను చేసి మాట్లాడాము, బుధవారం మధ్యాహ్నం రమ్మన్నారు. అందుకని రోజూ సాయంత్రం నేనూ వాడూ అద్దం ముందు నిలబడి, నోరు తెరిచి, ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టే ఆట ఆడుకుంటున్నాము. నిన్నటికి వాడు ఏడు దాకా నోరు మూయలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా.