‘రోజూ తాగుతారా?’ అంటే సరిపోదు

సంపాదకుడికి,

ముప్పై ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగరు పరీక్షల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఫారం నింపుతున్నారు. మంచి పనే. కానీ అందులో మందు గురించి ఉన్న ప్రశ్న ఒక్కటే: రోజూ తాగుతారా? అవునంటే ఒక మార్కు, లేదంటే సున్నా. బీడీ, గుట్కాలకైతే అప్పుడప్పుడు వాడినా మార్కు వేస్తారు. మందుకు ఆ పట్టింపు లేదు. సంత రోజు, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు ఒళ్లు తెలియకుండా తాగేవాడు ‘రోజూ లేదమ్మా’ అంటాడు. అబద్ధమేమీ కాదు. ఇక రోజూ తాగేవాడు, అడిగేది ఊరి ఆడబిడ్డ, పక్కనే భార్య నిలబడి ఉంటే నిజం చెబుతాడా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికోసమే 10 ప్రశ్నలు తయారుచేసింది. మొదటి మూడూ అడిగినా చాలావరకు తెలుస్తుంది: ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజు ఎంత, ఒకే విడతలో ఆరు పెగ్గులు, అంతకు మించి తాగడం ఎంత తరచు? మనవాళ్లు పెగ్గులు లెక్కపెట్టరు, ‘ఒక్క క్వార్టరే సార్’ అంటారు. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు, అంటే 30 చొప్పున ఆరు పెగ్గులు! కాబట్టి ఇక్కడ సీసాల లెక్కలోనే అడగాలి.

కల్లు సంగతి విడిగా అడగాలి, ఆడవాళ్లనూ అడగాలి. మా నల్లగొండలోనూ పాలమూరులోనూ కల్లును తాగుడు కింద లెక్కేయనివాళ్లు చాలామంది. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు మొదలవుతాయి. బాగా అలవాటైన మందు మానేసినా అంతే. ఏదో ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరినవాడికి రెండో రోజు రాత్రి ఇలా అయితే, ముందే తెలియని డాక్టరు ఏం చేయాలి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారు. ఊరూరా బెల్టు షాపులు నడుస్తుంటే ఇంకేం తగ్గుతుంది అనేవాళ్లున్నారు. నిజమే. అయినా బీపీ ఎందుకు దిగడం లేదో తెలియక మాత్రలు పెంచుకుంటూ పోవడం కన్నా, ‘మందు తగ్గించు’ అని డాక్టరు ఐదు నిమిషాలు నిదానంగా చెబితే వినేవాళ్లు కొందరైనా ఉంటారు.

వైద్యశాఖ ఈ ప్రశ్నలను పల్లె దవాఖానాల్లో, తలుపు వేసిన గదిలో అడిగించాలి. జవాబులు ఊళ్లో ఎవరి చెవినా పడకూడదు. ముదిరినవాళ్లను జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే టెలీమానస్ 14416 నంబరును బీపీ చీటీ మీదే అచ్చు వేయించాలి.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా