మార్కు ఒకరోజు ఆగితే నష్టం లేదు

సంపాదకుడికి,

ఎఫ్ఏ (బడిలో ఏడాది మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) పేపర్లు చేతికొచ్చిన పూట ఏ తరగతిలోనైనా వినపడే మాట ఒక్కటే: ‘నీకెన్ని?’ అంకె చూసుకోగానే పేపరు మడతపడి సంచిలోకి పోతుంది. పక్కన ఎర్రసిరాతో రాసింది చదివే పిల్లలు అరుదు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. సూచన మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. సూచనతో పాటు మార్కు కూడా చూసినవాళ్లకు ఆ మేలు జరగలేదు.

ఈ లెక్క చూడండి: 2ఎక్స్ − 3(ఎక్స్ − 4) = 5. బ్రాకెట్ విప్పేటప్పుడు +12 రావాల్సిన చోట −12 వేసిన పిల్లవాడికి ఎక్స్ విలువ 7 బదులు −17 వస్తుంది. అక్కడ సున్నా చుట్టేస్తే తనకు లెక్కలే రావనుకుంటాడు. వాడు తప్పింది ఒక్క గుర్తు దగ్గరే, మిగతా మెట్లన్నీ సరైనవే. వాటికి మార్కులు వేసి తీరాలి. ‘బాగా చదవాలి’ అని రాస్తే వాడికేం తెలుస్తుంది? ‘రెండో వరుసలో గుర్తు చూడు’ అంటే తెలుస్తుంది.

60 మంది చొప్పున ఐదు సెక్షన్లంటే 300 పేపర్లు. ఒక్కోదానికి రెండు నిమిషాలైనా పది గంటలు. అందుకే ప్రతి తప్పుకూ వాక్యం రాయనక్కర్లేదు. ‘గు’ అంటే గుర్తు, ‘కూ’ అంటే కూడిక, ‘ప్ర’ అంటే ప్రశ్న సరిగా చదవలేదు అని పిల్లలకు ముందే చెప్పి, మార్జిన్‌లో ఆ అక్షరం వేస్తే చాలు. మూడు రోజుల్లోపు పేపరివ్వాలి, రెండు వారాలయ్యాక ఆ పాఠమే గుర్తుండదు. మొదటిరోజు మార్కులు రిజిస్టరులోనే ఉంచి, తరగతిలో పావుగంట పెన్సిలుతో దిద్దుకోనివ్వాలి. పక్కవాడిది చూసి రాసేస్తారు, నిజమే. అందుకే అలాంటిదే ఇంకొకటి, 3ఎక్స్ − 2(ఎక్స్ − 5) = 12, బోర్డు మీద ఇవ్వాలి. 2 వస్తే అర్థమైనట్టు, 22 వస్తే మళ్లీ చెప్పాలి. మార్కులు మర్నాడు.

గుంటూరు, విజయవాడల్లో వారాంతపు పరీక్ష కాగానే ర్యాంకుల జాబితా గోడకెక్కించే విద్యాసంస్థలకు మా విన్నపం: ఆ జాబితా తీసేయండి. జవాబుకు గడి నింపడమే తప్ప లెక్క చేసి చూపని ఓఎంఆర్ షీటులో పిల్లవాడు ఎక్కడ పొరబడ్డాడో కనపడదు కాబట్టి చిత్తు కాగితం కూడా తీసుకుని చూడండి. తల్లిదండ్రుల సమావేశంలో ప్రోగ్రెస్ కార్డు కంటే ముందు, పిల్లవాడు పెన్సిలుతో దిద్దుకున్న పేపరు వాళ్ల చేతిలో పెట్టండి.

– కొందరు గణిత ఉపాధ్యాయులు, బ్రాడీపేట, గుంటూరు