మా పక్కింటి పెద్దాయన బేస్‌బాల్ స్కోరు పుస్తకాలు కాపాడిన మీ అందరికీ

అమెరికాలో సిన్సినాటి చుట్టుపక్కల మేసన్, వెస్ట్ చెస్టర్, లవ్‌ల్యాండ్‌లలో ఉన్న మన తెలుగువాళ్లకు, జూన్‌లో ఆ తుఫాను రాత్రి గ్రూపులో ఒక్క మెసేజ్ చూసి బకెట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. ఇవి ఆయన తరఫునా, మా ఇంటిల్లిపాది తరఫునా చెబుతున్న కృతజ్ఞతలు. ఫోనులో చాలామందికి చెప్పుకున్నాను. అయినా మీలో కొందరు తడిసిన అట్టపెట్టెలు మోసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆ పెట్టెల్లో ఏముందో, ఇప్పుడవి ఎలా ఉన్నాయో మీకు తెలియాలి కదా.

ఆయన ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పుట్టి పెరిగింది సిన్సినాటిలోనే. 1967లో సైన్యంలోకి రమ్మని ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది చివర్లో వియత్నాం వెళ్లారు. సైగాన్‌కు ఈశాన్యంగా ఉన్న లాంగ్ బిన్‌లో, సరుకుల డిపోలో గుమాస్తా పని. ఏడాది తర్వాత తిరిగొచ్చి, జీవితమంతా ఇక్కడే ఉద్యోగం చేసుకున్నారు. భార్య పోయాక ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా ఆయన్ని "అన్నయ్యగారూ" అనే పిలుస్తుంది. ఆ పిలుపు తనకేనని ఆయనకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఆ రాత్రి కరెంటు పోవడంతో బేస్‌మెంట్‌లో ఊరే నీళ్లను బయటికి తోడే సంప్ పంప్ ఆగిపోయింది. తెల్లారేసరికి మోకాళ్ల దాకా నీళ్లు. అలమరల్లో కింది అరలు మునిగాయి. ఇన్సూరెన్స్ నుంచి పైసా రాలేదు. పంప్ ఆగి ఊరిన నీళ్లకు పాలసీ మీద అదనంగా కొనే రైడర్ విడిగా కట్టి ఉండాలట. మీ పాలసీలో అది ఉందో లేదో దయచేసి ఈ రోజే చూసుకోండి.

మునిగిన అరల్లో ఉన్నది ఆయన సొంత బేస్‌బాల్ లీగ్. లోకంలో ఎక్కడా లేని లీగ్. ఎనిమిది జట్లు, అన్నీ ఒహాయో నది ఒడ్డు ఊళ్ల పేర్ల మీదే: మారియెట్టా, పామెరాయ్, గలిపొలిస్, ఐరన్‌టన్, పోర్ట్స్‌మత్, రిప్లీ, అవతలి గట్టున కెంటకీలోని మేస్‌విల్, ఇంకా దిగువన ఇండియానాలోని మాడిసన్. ఊళ్లు నిజం, ఆటగాళ్లు కల్పితం. ఒక్కో జట్టు మిగతా ఏడింటితోనూ ఎనిమిదేసి ఆటలు ఆడాలి. అంటే జట్టుకు 56, సీజనుకు మొత్తం 224. 1969 నుంచి ఏటా ఒక సీజన్, ఒక్క ఏడూ తప్పకుండా. ప్రతి ఆటా పాచికలు వేసి, బంతి బంతికీ ఏం జరిగిందో చేత్తో రాసి పెట్టినదే.

మనం బళ్లో పాఠం జరుగుతుంటే బెంచీ కింద ఆడుకున్న బుక్ క్రికెట్ గుర్తుందా? పేజీ తిప్పి చివరి అంకె చూసి, నాలుగైతే ఫోరు, సున్నా అయితే ఔటు. అదే పిచ్చి, అయితే ఒక మనిషి దాన్ని యాభై ఏళ్లకు పైగా శ్రద్ధగా పట్టుకుంటే ఇలా ఉంటుంది. ఒక ఎర్ర పాచిక, ఒక తెల్ల పాచిక. ఎర్రదాని అంకె ముందు చదవాలి, తెల్లదానిది తర్వాత. 11 నుంచి 66 దాకా మొత్తం 36 రకాలుగా పడొచ్చు. ఏది పడితే ఏమవుతుందో ప్రతి బ్యాటర్‌కూ విడిగా ఒక కార్డు ఉంటుంది. పాచికలను ఇలా చదివే పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. 1951లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో మొదలైన ఏపీబీఏ అనే ఆటలో అలాగే చదువుతారు. 1961లో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్‌లో అయితే మూడు పాచికలు. ఆ రెండు ఆటలకూ ఈ దేశంలో ఇప్పటికీ అభిమానులున్నారు. కాకపోతే వాటిలో ఉండేది నిజం ఆటగాళ్ల లెక్కలు. ఈయన లీగ్‌లో ఆటగాడు మీసాలు రాని కుర్రాడిగా వస్తాడు, ముదురుతాడు, మోకాలు అరుగుతుంది, ఆట మానేసి కోచ్ అవుతాడు. ఏటా చలికాలంలో కూర్చుని అందరి కార్డులూ వయసుకు తగ్గట్టు మళ్లీ రాస్తారు.

ఇక నా మొదటి దండం లైబ్రరీలో పనిచేసే మన వదినగారికి. మేమందరం హెయిర్ డ్రయ్యర్లు తెచ్చి పేజీలు విప్పబోతుంటే ఆవిడ వచ్చి చేతులు పట్టుకుని ఆపారు. తడి కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఇన్ని పుస్తకాలు అంతలో ఆరబెట్టడం ఎవరి తరమూ కాదు, కాబట్టి ముందు గడ్డ కట్టించాలి అన్నారు. ఒక్కో పుస్తకాన్ని మూసినది మూసినట్టే మైనపు కాగితంలో చుట్టి, జిప్ సంచీలో పెట్టి ఫ్రీజర్‌లోకి పంపడం. అంతలోనే ఎన్ని గరాజ్‌లలో డీప్ ఫ్రీజర్లు ఖాళీ అయ్యాయో! గోంగూర, మునక్కాడలు, కొబ్బరి తురుము, కొరమీను ముక్కలు బయటికొచ్చాయి, బేస్‌బాల్ లోపలికి వెళ్లింది. కరిగిపోతున్న చేపలతో ఆ రాత్రి అందరికీ పులుసు వండి తెచ్చిన అక్కకు కూడా పేరుపేరునా మా నమస్కారాలు.

తర్వాత వారాల తరబడి కొన్ని కొన్ని బయటికి తీసి, పేజీల మధ్య పేపర్ టవళ్లు పెట్టడం, తడిసినవి తీసి పొడివి మార్చడం, ఫ్యాను గాలి నేరుగా పుస్తకాల మీద పడకుండా గదిలో తిరిగేలా చూడటం. ఒకదానికొకటి అతుక్కున్న ఫొటోలను మంచి చన్నీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా పరిచారు. ఇదంతా మీరు ఉద్యోగాల నుంచి వచ్చి చేశారు. మా పిన్ని కొడుకు పెళ్లికి కూడా ఇంతమంది ఇన్నాళ్లు పనిచేయలేదు.

పుస్తకాలు దక్కడానికి ఇంకో కారణం ఉంది. ఆయన అంతా పెన్సిల్‌తోనే రాశారు, పెన్సిల్ రాత నీళ్లకు చెదరదు. సీజన్ చివర వేసిన పట్టికలు మాత్రం ఎర్ర స్కెచ్ పెన్నువి. అవి చాలా ఏళ్లవి గులాబీ రంగు మరకలై మిగిలాయి. అప్పుడు రంగంలోకి దిగింది మన పిల్లలు. ఆటలన్నీ ఒక్కొక్కటిగా చదివి, గెలుపోటములు లెక్కేసి, పట్టికలు మళ్లీ తయారు చేశారు. ముందు స్కోరు చదవడం నేర్చుకోవాల్సొచ్చింది. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె: బంతి వేసే పిచర్ 1, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, ఇలా రైట్ ఫీల్డ్ 9 దాకా. "6-4-3" అని ఉంటే బంతి షార్ట్‌స్టాప్ దగ్గర్నుంచి సెకండ్ బేస్‌కు, అక్కణ్నుంచి ఫస్ట్ బేస్‌కు వెళ్లిందని, ఒకే దెబ్బకు ఇద్దరు ఔటని అర్థం. మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ ఔటవడాన్ని స్ట్రైకౌట్ అంటారు, దానికి ఇంగ్లీషు కె అక్షరం. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే ఆ కె తిరగేసి రాస్తారు. 1983 పట్టిక పిల్లలు లెక్కగట్టి తెచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని, ఐరన్‌టన్ ఒక్క ఆట తేడాతో గెలిచిందన్నారు. పిల్లల కాగితం మీద ఐరన్‌టన్ 34 గెలుపులు, 22 ఓటములు; రిప్లీ 33, 23. ఎగిరి గంతేశారు పిల్లలు.

ఒక కాగితం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఫొటోల పెట్టె అడుగున దొరికింది. సైన్యం సరుకుల ఫారం అది. ఒకవైపు వస్తువు నంబరు, పరిమాణం అంటూ అచ్చేసిన గళ్లు. వెనకవైపు చేత్తో గీసిన గళ్లు, వాటి నిండా కె అక్షరాలు. 1968 అక్టోబరు 2న వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్, మొదటి ఆట. సెయింట్ లూయీ పిచర్ బాబ్ గిబ్సన్ డెట్రాయిట్ బ్యాటర్లను 17 సార్లు స్ట్రైకౌట్ చేశాడు. వరల్డ్ సిరీస్‌లో ఒకే ఆటలో అన్ని స్ట్రైకౌట్లు ఇప్పటికీ రికార్డే. లాంగ్ బిన్‌లో అర్ధరాత్రి దాటాక డిపోలో రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఈయన రాసుకున్న స్కోరు ఇది. చిట్టచివరి గడిలో ఉన్నది తిరగేసిన కె. విల్లీ హోర్టన్ బ్యాట్ కదపకుండా ఔటైపోయాడు, ఆట 4–0తో ముగిసింది. మడత దగ్గర కొంచెం చిరిగింది గానీ ఒక్క అక్షరం పోలేదు. ఆ కాగితాన్ని ఇడ్లీ ప్లేటంత జాగ్రత్తగా రెండు చేతులా పట్టుకుని పైకి తెచ్చిన తమ్ముడు ఎవరో నాకింకా తెలియలేదు. ఇది చదివితే పేరు చెప్పు నాయనా, ఆయన నిన్ను చూడాలంటున్నారు.

ఆ ఏడాది గిబ్సన్ ఇచ్చిన పరుగుల సగటు తొమ్మిది ఇన్నింగ్స్‌కు 1.12 మాత్రమే. పిచర్ల ముందు బ్యాటర్లు నిలవలేకపోతున్నారని 1969లో పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఈయన లీగ్ మొదలైంది ఆ సంవత్సరమే, కానీ అందులో దిబ్బ ఈ రోజుకీ 15 అంగుళాలే. పోర్ట్స్‌మత్ మైదానంలో లెఫ్ట్ ఫీల్డ్ వెనక వాలుగా పైకి లేచి ఉంటుంది. అది 1970 దాకా సిన్సినాటి రెడ్స్ ఆడిన క్రాస్లీ ఫీల్డ్ నుంచి తెచ్చుకున్నది. బంతి వెంట వెనక్కి పరిగెత్తే ఫీల్డరు అక్కడ తట్టుకుని పడతాడు. దానికీ ఒక చార్ట్ ఉంది.

పుస్తకాలు ఆరబెడుతూ మనవాళ్లలో ఒకరు అడిగేశారు, ఈ ఆటగాళ్ల పేర్లు మీతో పనిచేసిన సైనికులవా అని. నాకూ ఆ అనుమానం ఉండేది. కాదన్నారు. పాత టెలిఫోన్ డైరెక్టరీలో ఒక పేజీ నుంచి ఇంటిపేరు, ఇంకో పేజీ నుంచి పేరు. అక్కడివాళ్లలో ఒక్కరి పేరు కూడా ఇందులోకి రాకుండా చూసుకున్నారట. వాళ్లను తలుచుకోవడానికి వేరే సమయం ఉంది, ఇది మాత్రం వాళ్లకు జరిగింది ఎవరికీ జరగని చోటు అన్నారు. 1968 జనవరి 31న లాంగ్ బిన్ మందుగుండు నిల్వలు పేలినప్పటి సంగతి కూడా ఆ పూటే చెప్పారు. బల్ల మీది టైప్‌రైటర్ కింద పడింది, దాన్ని తీసి మళ్లీ బల్ల మీద పెట్టాను అన్నారు. ఆ మాట దగ్గర ఆపేశారు. మనవాళ్లెవరూ రెట్టించి అడగలేదు. అందుకు నేను మీకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

ఆయన పాటల గ్రామఫోన్ రికార్డులు కూడా బాగానే దక్కాయి. వినైల్‌కు నీళ్లతో భయం లేదు, పాడైనవి లేబుళ్లు, అట్టలు. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టిన అమ్మాయిలకు జోహార్లు. వాటిలో సగం సిన్సినాటిలోనే పుట్టినవి. 1943లో సిడ్ నేథన్ మొదలుపెట్టిన కింగ్ రికార్డ్స్ ఇక్కడి బ్రూస్టర్ అవెన్యూలో ఉండేది. పాట రికార్డు చేయడం, ప్లేటు అచ్చు వేయడం, అట్ట ముద్రించడం, పార్సిల్ కట్టడం అన్నీ ఒకే కప్పు కింద. జేమ్స్ బ్రౌన్ అక్కడివాడే, బాంజో, మాండలిన్‌లతో కొండపాటలు పాడిన స్టాన్లీ బ్రదర్స్ కూడా అక్కడే రికార్డు చేశారు. మా పెద్దాయనకు ఇద్దరూ ప్రాణం. 1968 జూన్‌లో జేమ్స్ బ్రౌన్ వియత్నాం వెళ్లి సైనికుల ముందు పాడినప్పుడు ఈయనకు ఆ రోజు డ్యూటీ పడింది. ఆ దిగులు ఇప్పటికీ తీరలేదు.

స్టాన్లీ బ్రదర్స్ రికార్డు తిరుగుతుంటే మన అన్నయ్య ఒకరు ఫోను తీసి మాండలిన్ శ్రీనివాస్ కచేరీ వినిపించారు. పాలకొల్లులో పుట్టిన పిల్లవాడని, తనకు తగ్గట్టు ఎనిమిది తీగల బదులు అయిదు తీగలతో వాయించేవాడని చెప్పారు. మా పెద్దాయన వెంటనే అడిగింది, మెట్లున్న వాద్యం మీద స్వరాన్ని అలా ఎలా ఊపుతున్నాడని. గమకం గురించి వాళ్లిద్దరూ అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ అన్నయ్య మాండలిన్ పట్టుకుని వస్తున్నారు.

ఇంకో మంచి పని కూడా జరిగింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ ఉంది, 2000లో కాంగ్రెస్ చట్టంతో మొదలైంది. సైన్యంలో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలు వాళ్ల గొంతుతోనే భద్రపరుస్తారు, కనీసం 30 నిమిషాలు ఉండాలి. మనలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఓపిగ్గా కూర్చుని ఆయన మాటలు రికార్డు చేసింది. లీగ్ గురించి కూడా చెప్పవచ్చా అని ఆయన అడిగితే, మీ ఇష్టం తాతగారూ అంది. ఎక్కువ భాగం లీగ్ గురించే ఉంది, నాకు చాలా సంతోషంగా ఉంది. మీ ఇళ్ల పక్కన ఇలాంటివారు ఎవరైనా ఉంటే చెప్పండి, తను వస్తానంటోంది.

ఆయన మీ అందరికీ చేత్తో ఉత్తరాలు రాస్తున్నారు, పెన్సిల్‌తోనే. కాబట్టి అడ్రసు ఇవ్వనివాళ్లు నాకు పంపండి. ఈ ఏడాది సీజన్ ఆగలేదు, కొంచెం ఆలస్యమైంది. ప్రస్తుతం మేస్‌విల్ ముందుంది. పాచికలు వేయడానికి పిల్లలను శనివారాలు పంపవచ్చు.

ఫ్యాన్లు, రెండు డీహ్యుమిడిఫైయర్లు, స్టీలు బేసిన్లు, ఒక పెద్ద పులుసు గిన్నె మా గరాజ్‌లో ఉన్నాయి. కడిగి పెట్టాం. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా వచ్చి ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి. ఈసారి టీ తాగకుండా ఎవరినీ పంపించేది లేదు.