కాఫీ దగ్గర చెప్పిన మాట కాగితం మీద పెట్టండి

చిత్తూరు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి, కంపెనీ సెక్రటరీ గారికి,

విషయం: తిరుపతిలో జరిగిన గనుల పెట్టుబడుల సదస్సులో మీ యాజమాన్యం వాటాదారులతో మాట్లాడిన తీరుపై ఫిర్యాదు

అయ్యా,

నేను మీ కంపెనీలో 1,800 షేర్లున్న వాటాదారును. చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్లు గుమస్తాగా పనిచేశాను. పని మానేసినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి మీ షేర్లు కొన్నాను. కొని నాలుగేళ్లయింది. ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు.

వజ్రాల కంపెనీయే ఎందుకని ఇంట్లో చాలాసార్లు అడిగారు. మా మేనత్తది తుగ్గలి దగ్గర పల్లె. తొలకరి పడిందంటే ఆ చుట్టుపక్కల చేలన్నీ వజ్రాలు వెతికే జనంతో నిండిపోతాయి. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు నేనూ ఆమె వెంట వంగి వంగి నేల చూస్తూ నడిచేవాణ్ని. బతికున్నంతకాలం ఆమె ఏటా వెతికింది, ఒక్క రాయీ దొరకలేదు. వజ్రం అంత తేలిగ్గా దొరకదని నాకు బాగా తెలుసు. డబ్బు పోవచ్చని తెలిసే పెట్టాను. షేరు ధర పడిందని ఈ ఉత్తరం రాయడం లేదు.

సదస్సుకు మీరే స్వయంగా వస్తున్నారని తెలిసి ఐదున్నర బస్సుకే తిరుపతి బయలుదేరాను. అడగాల్సినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. మీ ప్రసంగం అయ్యాక పావుగంట నిలబడితే మీ దగ్గరికి రాగలిగాను. నమస్కారం పెట్టి, వాటాదారుణ్ని అని చెప్పాను. "ఎన్ని షేర్లున్నాయండీ?" అని అడిగారు. చెప్పాను. "మంచిది" అన్నారు, మీ చూపు నా భుజం మీదుగా వెనకున్న వాళ్ల మీదికి పోయింది. నా ప్రశ్న సగంలో ఉండగానే "మావాళ్లు చెప్తారు" అని ముందుకు వెళ్లిపోయారు. స్టాల్లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, కానీ అతనికి జవాబు తెలియదు. నా ఫోన్ నంబరు రాసుకున్నాడు. ఐదు వారాలైంది, ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఆ ప్రశ్న ఇది: మన కంపెనీ వజ్రాలు వెతుకుతున్న బ్లాకుకు ఉన్నది అన్వేషణ లైసెన్సా, కాంపోజిట్ లైసెన్సా? ఇది చిన్న విషయం కాదు. కాంపోజిట్ లైసెన్స్ అయితే, నిక్షేపం ఉందని నిరూపించాక మైనింగ్ లీజు మనకే వస్తుంది. 2023లో గనుల చట్టాన్ని సవరించి తెచ్చిన అన్వేషణ లైసెన్స్ అలాంటిది కాదు. వజ్రాలతో కలిపి 29 ఖనిజాలకు అది వర్తిస్తుంది. మనం వెతికి చూపించాక లీజును ప్రభుత్వం వేలం వేస్తుంది, గెలిచినవాళ్లు కట్టే ప్రీమియంలో మనకు వాటా వస్తుంది. తవ్వేది వాళ్లు. మీరేమో వేదిక మీద "మూడేళ్లలో మనం తవ్వకం మొదలుపెడతాం" అన్నారు. ఏ లైసెన్స్ మీద తవ్వుతారు? వార్షిక నివేదికలో వెతికాను. "అవసరమైన అనుమతులు ఉన్నాయి" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు.

మీ స్టాల్లో రేకు ట్రేలో పెట్టిన కింబర్‌లైట్ (వజ్రాలు ఉండే అవకాశమున్న రాయి) ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. నీలం కలిసిన బూడిద రంగు, మధ్యలో గోధుమగింజంత ఎర్రటి గార్నెట్. చాలా అందంగా ఉంది. దాని చీటీ మీద 112 మీటర్లు అని లోతు రాశారు, ఏ బోరులోంచి తీశారో మాత్రం రాయలేదు. మా మండీకి వచ్చే బెల్లానికి కూడా రైతు పేరు, ఊరు రాసిన చీటీ ఉంటుంది. ముద్ద పగలగొట్టి లోపల రంగు చూడనిదే ఎవరూ ధర చెప్పరు. గార్నెట్ కనిపించినంత మాత్రాన వజ్రం ఉన్నట్టు కాదు, ఆ రాయి భూమిలో బాగా లోతు నుంచి వచ్చిందనడానికి అదొక గుర్తు. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టూ కింబర్‌లైట్ పైపులు, అంటే భూమి లోపలి నుంచి నిలువుగా పైకొచ్చిన ఆ రాతి స్తంభాలు, ఎన్నో బయటపడ్డాయి, అయినా అక్కడ ఈ రోజుకీ పెద్ద గని లేదు. దేశంలో యంత్రాలతో నడిచే వజ్రాల గని మధ్యప్రదేశ్‌లోని పన్నా ఒక్కటే. అదే మధ్యప్రదేశ్‌లోని బందర్‌లో నిక్షేపం కనుక్కున్న విదేశీ గనుల కంపెనీ రియో టింటో కూడా 2017లో దాన్ని వదిలేసి వెళ్లింది. ఇవన్నీ మీకు నాకన్నా బాగా తెలుసు. మరి మీ స్లైడ్లలో వీటి ఊసే లేదు, కోహినూర్ బొమ్మ మాత్రం మూడుసార్లు వచ్చింది. కోహినూర్ కృష్ణా ఒడ్డున కొల్లూరు గులకరాళ్లలో దొరికిందని చెబుతారు. మనది గట్టి రాయిలో వెతుకులాట. ఆ బొమ్మ చూపించి నా పక్కన కూర్చున్న పెద్దాయన చేత షేర్లు కొనిపించడం న్యాయం కాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మధ్యాహ్నం కాఫీ దగ్గర జరిగింది. మీ అన్వేషణ విభాగం అధిపతి మా ముగ్గురితో "బల్క్ శాంపిల్ రిజల్ట్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి, రెండు వారాల్లో బయటికొస్తాయి, కొనేవాళ్లు ఇప్పుడే కొనుక్కోండి" అన్నారు. బల్క్ శాంపిల్ అంటే వజ్రాలు ఎన్నున్నాయో చూడటానికి టన్నుల లెక్కన తీసి నలగ్గొట్టే రాయి. నా పక్కనున్న ఆయన కప్పు కింద పెట్టి అక్కడి నుంచే బ్రోకర్‌కు ఫోన్ చేశాడు. నేను కొనలేదు. మనసు ఊగింది, అబద్ధం చెప్పను. కానీ ఇంకా బయటపెట్టని విషయం విని కొనడం తప్పని నాకు తెలుసు. అలా చెప్పడం షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటపెట్టని సమాచారంతో షేర్ల లావాదేవీ) నిబంధనల ప్రకారం తప్పని మీ అధికారికి తెలియదా? ఫలితాలు నిజంగా చేతికొచ్చి ఉంటే, అవి కంపెనీకి అంత ముఖ్యమైనవైతే, ఆలస్యం లేకుండా స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలపాలి కదా? రాకముందే అలా అని ఉంటే అది ఇంకా ఘోరం.

రెండు వారాల తర్వాత ప్రకటన వచ్చింది. "ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయి" అని నాలుగు వాక్యాలు. ఎన్ని టన్నులు నలగ్గొట్టారో, వంద టన్నులకు ఎన్ని క్యారెట్లు వచ్చాయో లేదు. క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. వంద టన్నుల్లో పది క్యారెట్లు దొరికినా చేతికొచ్చేది రెండు గ్రాములే. ఆ రాళ్ల సైజు ఎంత, రంగు ఏమిటి, క్యారెట్‌కు ఎంత పలుకుతాయి అన్నదాని మీదే గని నడుస్తుందా మూతపడుతుందా తేలుతుంది. ఆ అంకెలు లేకుండా ప్రోత్సాహకరం అంటే నేనేం అర్థం చేసుకోవాలి?

లైసెన్స్ ఏదో, దాని గడువు ఎప్పటిదాకానో నాకు రాతపూర్వకంగా చెప్పండి. బల్క్ శాంపిల్ పూర్తి అంకెలు, ఏ బోరు, ఏ ల్యాబ్ అన్న వివరాలతో ఎక్స్ఛేంజీకి ఇవ్వండి. అవి నా ఒక్కడికే చెప్పొద్దు, అందరికీ ఒకేసారి చెప్పండి. కాఫీ దగ్గర జరిగిన సంభాషణ మీద విచారణ చేసి, ఏం తేలిందో తెలపండి. సదస్సులో చూపించిన స్లైడ్లు మీ వెబ్‌సైట్‌లో పెట్టండి.

21 రోజులు చూస్తాను. జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఎలా చెయ్యాలో మా మనవరాలు నేర్పించింది. వార్షిక సమావేశానికి కూడా వస్తాను. అప్పుడు నా వంతు వచ్చినప్పుడు షేర్లు ఎన్నని అడగకుండా, ప్రశ్న చివరిదాకా వినండి.

ఇట్లు,
మీ వాటాదారు

జతపరచినవి: డీమ్యాట్ స్టేట్‌మెంట్ కాపీ, సదస్సు ప్రవేశ కార్డు కాపీ, ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్న రెండు పేజీలు